వేళాకోళమట!

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం చెన్నై ఉక్కపోత కాదు, అన్నయ్యగారు అన్న ఒక్క మాట. భోజనాల దగ్గర మా చిన్నది "తింటా ఉండాను మామయ్యా" అన్నది. ఆయన దాని గొంతునూ, మెడ తిప్పే తీరునూ అనుకరిస్తూ "ఉండాను, ఉండాను" అని సాగదీసి, పిల్ల ముఖం మాడిపోవడం చూసి, "ఊరికే వేళాకోళమాడాను చెల్లెమ్మా" అని నాతో అన్నారు.

వేళాకోళం బావామరదళ్లు ఆడుకునేది. అందులో అవతలివారికీ తిప్పికొట్టే వీలుంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల మామయ్యకు ఏమని తిప్పికొడుతుంది? వెటకారం అందామంటే, పొగిడినట్టే పొడిచే నేర్పు ఇందులో లేదు. ఎద్దేవా పత్రికల మాట. నాయకులు ఒకరినొకరు చేసుకునేదే తప్ప ఇళ్లలో ఎవరూ చేయగా నేను వినలేదు. గొంతునూ ముఖాన్నీ అనుకరించారు కనుక ఇది వెక్కిరింతేనని గిన్నెలు సర్దుతూ తీర్మానించుకున్నాను.

గుంటూరు పెళ్లిలో నాన్నకు జరిగింది గుర్తుకు రాకపోతే ఆ తీర్మానం నిలిచేదే. బంతిలో కూర్చుని "ఈ వరుసకు చారు పోస్తిరా?" అని ఆయన అడిగిన పాపానికి, విడిదింట్లో ఆ రోజంతా "కాఫీ తాగితిరా", "స్నానం చేస్తిరా" అని ఒకటే నవ్వులు. నాన్నా వాళ్లతో కలిసి నవ్వారు. తిరుగు ప్రయాణంలో రైలు గూడూరు దాటేదాకా పెదవి విప్పలేదు. ఆ తరువాత ఆ ఇంటివారు ఎప్పుడు ఎదురుపడినా "తిన్నారా, వచ్చారా" అని ఒత్తి ఒత్తి, పాఠం అప్పగిస్తున్నట్టు పలికేవారు. అక్కడ ఎవరూ ముఖం వంకర పెట్టలేదు, గొంతు మార్చలేదు. అయినా అది ఎగతాళి కాక మరేమిటి?

అంటే పేరు పెట్టవలసింది నవ్వినవారు కాదు, పడ్డవారేమో. వ్యాసభారతం సభాపర్వంలో దుర్యోధనుడు మయసభ నీటిలో పడ్డప్పుడు భీముడూ సేవకులూ నవ్వారని కథనంలో ఉంది గాని, ద్రౌపది ఊసు లేదు. ఆమె కూడా స్త్రీలతో కలిసి నవ్విందని తరువాత తండ్రి దగ్గర చెప్పుకునేది దుర్యోధనుడే. పడ్డవాడి మాటే ప్రమాణమందామంటే అతణ్ణి సాక్షిగా పిలవవలసి వస్తుంది, అదొక చిక్కు.

మా చిన్నది పడుకోబోతూ, "మామయ్యతో ఇంగ్లీషులోనే మాట్లాడేదా అమ్మా?" అని అడిగింది. వాళ్లు ఆదివారం దాకా ఉంటారట. రేపు కాఫీ దగ్గరే అన్నయ్యగారితో చెబుతాను; నొచ్చుకుంటే నొచ్చుకోనీ.