మిగిలిన కథ చుట్టలోనే

మా హనుమకొండలో ఇంటికి దగ్గర్లోనే ఒక సాంస్కృతిక కేంద్రం ఉంది. కింది హాల్లో రెండు మూడు నెలలకోసారి ప్రదర్శన మారుస్తుంటారు. పోయినసారి ఆజంజాహి మిల్లు పాత ఫొటోలు పెడితే ఒక్కదాన్నే పోయి పది నిమిషాల్లో తిరిగొచ్చాను. ఈసారి గేటు మీద ‘చేర్యాల పటాలు’ అని బోర్డు కనబడింది. కథ చెప్పేవాళ్లు విప్పి చూపించే పొడవాటి బట్ట బొమ్మల చుట్టలు అవి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అయినా ఆదివారం ఆటో మాట్లాడి తీసుకుపోయాను.

అమ్మది పరకాల దగ్గర పల్లె. పెళ్లయ్యాక కొత్తవాడకు వచ్చింది. మా నాన్న జంపఖానాలు నేసేవాడు. పద్మశాలీల ఇళ్లకు కూనపులివాళ్లు వచ్చి పటం కట్టి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. చూసింది మాత్రం లేదు.

హాలు మధ్యలో అద్దాల పెట్టె. అందులో గజం వెడల్పు పటం, రెండు వైపులా చుట్టేసి, నడుమ రెండే రెండు బొమ్మల వరుసలు తెరిచి పెట్టారు. మొత్తం పొడవు 30 అడుగులని పక్కన రాసి ఉంది. అమ్మ ఆ చుట్టల వైపే చూస్తూ, “గిదేంది బిడ్డా, గింతే సూపెడ్తరా? మిగిలిన కథ ఏడికి పోయింది?” అంది.

తెరిచిన వరుసలో యముడు దున్నపోతు మీద ఉన్నాడు. మార్కండేయుడు లింగాన్ని కావలించుకున్నాడు. వెనకంతా చేర్యాల పటాలకు ఉండే ఆ ఇంగిలీకం ఎరుపే. ఎన్నిసార్లు చుట్టి ఎన్నిసార్లు విప్పారో, దున్నపోతు మెడ దగ్గర రంగు పెచ్చు లేచిపోయింది. ఆ సందులోంచి బట్ట పడుగూ పేకా కనిపిస్తున్నాయి. ఖద్దరుకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పూతలు వేసి ఆరబెట్టాకే నకాషీ చిత్రకారులు బొమ్మ గీస్తారని బోర్డు మీద వివరంగానే ఉంది. చేర్యాల 2016 దాకా వరంగల్ జిల్లాలోదేనని కూడా రాశారు. ఈ పటం ఎవరి వాకిట్లో విప్పేదో మాత్రం ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్లు మండింది. గౌడులకు ఒక కథ, గొల్లలకు ఒకటి, మాకు ఒకటి. చెప్పేవాళ్లూ వేరు, పటమూ వేరు. అది వదిలేస్తే ఇంకేం మిగిలింది?

బోర్డు చెప్పనిది అమ్మే మొదలుపెట్టింది. వాకిట్లో కర్రలు పాతి పటం కట్టేవాళ్లట. మొదట వినాయకుడికి మొక్కి, ఒక్కో వరుసా కిందికి విప్పుతూ, పుల్లతో చూపిస్తూ పాడేవాళ్లట. యముడొచ్చే రాత్రి పిల్లలు ముందు వరుసలోంచి లేచి తల్లుల ఒళ్లలోకి పోయేవాళ్లట. మార్కండేయుడి హోమంలోంచి భావనారుషి పుట్టడం, తామరతూడు నారతో బట్ట నేయడం దాకా బాగానే చెప్పింది. అప్పటికి వెనకాల నలుగురైదుగురు చేరారు.

“తర్వాత పులి వస్తది...” అని ఆగిపోయింది. యాదికి రాలేదు.

అక్కడున్న కుర్రాణ్ణి పిలిచింది. “బిడ్డా, జర గా సుట్ట తిప్పరాదు?”

“రంగు రాలుతది అమ్మమ్మా, ముట్టొద్దని చెప్పిన్రు.”

వాడి మాటా నిజమే. పాతబడ్డ పటాన్ని మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో కలిపేవాళ్లని వెనకున్న పెద్దాయన చెప్పాడు. అమ్మ అద్దం మీద వేలు పెట్టి, “గట్లయితే ఇది తప్పిచ్చుకున్నదన్నట్టు” అంది.

బయట బల్ల మీద చేర్యాల మాస్కుల కీచెయిన్లు అమ్ముతున్నారు. అప్పటిదాకా కోపంగా ఉన్నదాన్నే, రెండు కొన్నాను.

ఆటో ఎక్కగానే అమ్మ పరకాలలో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేసింది. “అక్కా, పులి ముచ్చట నీకు యాదికున్నదా?”

ఫోన్ స్పీకర్లో ఉంది.

“ఏ పులినే?” అంది పెద్దమ్మ.