ఊగుతున్న పన్ను

చంటాడి కింది పన్ను ఇంకా ఊడలేదు. పొద్దున అత్తయ్యగారు దానికి దారం కట్టబోతుంటే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంతవరకైతే ఫర్వాలేదు, గట్టిగా అరిచాను కూడా. మధ్యాహ్నం ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు.

పాలపన్ను దానంతటదే ఊడితే భయం లేదు. కానీ వాడి గుండెలో చిల్లుకి వేసిన ప్యాచ్ అంచున లీకు ఉన్నంతకాలం, పన్ను పీకించాలంటే ముందు యాంటీబయాటిక్ వెయ్యాలి. చిగుళ్ళలోని క్రిములు రక్తంలో కలిసి అక్కడ చేరితే గుండెకే ఇన్‌ఫెక్షన్. ఎన్నిసార్లు చెప్పాను! "మా పిల్లలందరికీ నేనే పీకానమ్మా" అంటారు. ఆ పిల్లలెవరికీ గుండెకి ఆపరేషన్ జరగలేదు కదా. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే కాపలా కాస్తున్నట్టు ఉంటుంది.

ఎనిమిదో నెలలో వాడికి ఆపరేషన్ అయ్యాక, ఎకో (గుండె స్కానింగ్) చూసి "కాస్త లీకు మిగిలింది" అన్నారు. ఆ "మిగిలింది" అన్న మాట పట్టుకుని రాత్రంతా ఏడ్చాను. సరిగ్గా కుట్టలేదని డాక్టర్లను తిట్టుకున్నాను. ఐసీయూ బయట బెంచీ మీద అత్తయ్యగారే నా పక్కన కూర్చున్నారు. "వేసవిలో కాలవ కట్టేసినప్పుడు గట్టుకి బుంగ పూడుస్తారు చూశావా? నీళ్ళు వదిలాక కొత్త మట్టి అంచున కొన్నాళ్ళు చెమ్మ ఊరుతుంది. తర్వాత అదే ఆగుతుంది" అన్నారు. మర్నాడు డాక్టరుగారు చెప్పిందీ దాదాపు అదే. చిన్న లీకులు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయట.

మనవాడిది మూసుకోలేదు. గుండెలో ఎడమవైపు గది కాస్త పెద్దదైంది. మళ్ళీ ఛాతీ ఎముక కొయ్యాలంటే, పాత ఆపరేషన్ వల్ల లోపల గుండె దానికి అతుక్కుని ఉండొచ్చు, రిస్కు ఎక్కువ. అందుకే వచ్చే నెల గజ్జ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, లీకుకి అడ్డంగా నికెల్, టైటానియం కలిసిన తీగల జాలీ బిళ్ళ పెడతారు. ముడుచుకుని వెళ్ళి అక్కడ విచ్చుకుంటుంది.

ఇదంతా రాస్తుంటే అనిపిస్తోంది, చెప్పానంటాను గానీ ఆవిడకి నేను చెప్పినవన్నీ "వద్దు"లే. ఎందుకు వద్దో కూర్చోబెట్టి ఎప్పుడు చెప్పాను? అయినా దారం కట్టడం తప్పే.

ఇందాక పాలు ఇస్తూ మొత్తం చెప్పాను.

"బిళ్ళ వేశాక కూడా ఇంతేనా?"

"ఆరు నెలలు జాగ్రత్తగా ఉండాలండి. లీకు పూర్తిగా ఆగితే, తర్వాత పన్ను పీకించినా ఆ మందు అక్కర్లేదు."

ఆవిడ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుని, "అప్పటికి పైపళ్ళు ఊగుతాయిలే" అన్నారు.