మన ఊరి వ్యాసానికి మూలం ఎక్కడ వెతకాలి

తెలుగు వికీపీడియాలో కొత్తగా రాయడం మొదలుపెట్టే మన గోదావరి డెల్టావారు, అమలాపురం వైపువారైనా నరసాపురం వైపువారైనా, దాదాపు అందరూ సొంత ఊరి పేజీతోనే మొదలుపెడతారు. 2011 జనాభా లెక్కల నుంచి తెచ్చిన ఇళ్ళ సంఖ్య, విస్తీర్ణం, బడుల వివరాలు తప్ప మరేమీ లేని ఆ పేజీని చూసి "మా ఊరంటే ఇంతేనా" అనిపించి, గుడి గురించి, తీర్థం (జాతర) గురించి, 1996 నవంబరు తుఫానులో నేలకూలిన కొబ్బరితోటల గురించి ఒక్క బిగిన నాలుగు పేరాలు రాసేస్తారు. కొన్నాళ్ళకు ఆ వాక్యాల చివర "ఆధారం చూపాలి" అన్న మూస (వికీలో తగిలించే గుర్తు) కనిపిస్తుంది, లేదా పేరాలే కనిపించకుండా పోతాయి. నొచ్చుకుని మానేసినవారు నాకు తెలుసు. అలా మానేయవలసిన అవసరం లేదని చెప్పడానికే, కొత్తవారికి విడివిడిగా చెబుతూ వస్తున్న సంగతులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఆధారం అడిగినవారు మీ మాటను అబద్ధమని అనడం లేదు. పేజీ చదివే మనిషికి మీరెవరో తెలియదు, మీ ఊరికి వచ్చి విచారించే వీలూ లేదు. మీ వాక్యం నిజమో కాదో తనంతట తాను సరిచూసుకునే దారి ఒకటి అతనికి కావాలి, అంతే. ఆ దారి చూపలేని వాక్యం ఎంత నిజమైనా విజ్ఞాన సర్వస్వంలో నిలవదు.

కాబట్టి మూలాన్ని ముందు చేతిలో పెట్టుకుని, అది చెప్పినంత మేరకే వాక్యం రాయండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. తెలిసినదంతా రాసేసి, తరువాత గూగుల్‌లో వెతికి, ఊరి పేరు కనబడిన ఏదో ఒక లంకెను చివర తగిలిస్తారు. "ధవళేశ్వరం బ్యారేజిని కాటన్ దొర 1852లో కట్టించాడు" అన్న వాక్యాన్ని తీసుకోండి. దానికి కాటన్ జీవిత చరిత్ర ఏదైనా మూలంగా ఇచ్చి, ఆ పుస్తకం తెరిచి చదివితే, 1847లో మొదలై 1852లో పూర్తయినది ఆనకట్ట అని తెలుస్తుంది. ఇప్పుడు మనం బస్సులో దాటుతున్న బ్యారేజి 1970లలో పని జరిగి ఆ తరువాత పూర్తయిన వేరే కట్టడం. దానికి కాటన్ పేరు పెట్టడం వల్ల రెండూ ఒకటైపోయాయి. మూలం ఉంది, వాక్యం ఉంది, కానీ ఒకదానికొకటి అతకలేదు. మూలం లేని వాక్యం కన్నా ఇది ఎక్కువ చేటు చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే వాక్యం చివర మూలాన్ని సూచించే అంకె కనబడగానే పాఠకుడు నమ్మి ముందుకు వెళ్ళిపోతాడు.

గుళ్ళ విషయంలో చిక్కు మరో రకంగా వస్తుంది. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. పురావస్తు శాఖ ప్రచురించిన దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో నాలుగవదానిలో వాటి పాఠాలు పెద్ద సంఖ్యలో అచ్చయ్యాయి. ఫలానా శక సంవత్సరంలో ఫలానా వ్యక్తి అఖండ దీపానికి దానం ఇచ్చాడని ఒక శాసనం చెబితే, ఆ సంగతిని సంపుటం పేరుతో, శాసనం సంఖ్యతో నిస్సంకోచంగా రాయవచ్చు. శక సంవత్సరానికి 78 కలిపి క్రీస్తు శకం చెప్పడం కూడా ఎవరూ తప్పు పట్టని లెక్కే. కానీ "దీన్ని బట్టి గుడి అప్పటికి ఇన్నేళ్ళ నాటిదై ఉండాలి" అని మీరు తేల్చారంటే, అది మీ సొంత పరిశోధన అవుతుంది. ఆ తీర్పు సరైనదే కావచ్చు. అయినా దాన్ని చరిత్రకారుడెవరైనా అచ్చులో చెప్పి ఉండాలి, మీరు ఆయన పేరుతో ఉదహరించాలి. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి వెలసిన కథ వంటివాటిని వదిలేయమని నేను అనను. "స్థల పురాణం ప్రకారం" అని మొదలుపెట్టి, ఆ స్థల పురాణం అచ్చయిన పుస్తకాన్ని చూపితే, ఆ కథ చరిత్రగా కాక కథగానే పేజీలో హాయిగా ఉంటుంది.

డొక్కా సీతమ్మ గారి విషయంలోనూ ఇంతే. లంకల గన్నవరంలో ఆమె చేసిన అన్నదానం గురించి గౌరవించదగిన రచనలు ఉన్నాయి. బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆమె ఫొటో తెప్పించుకున్నారన్న కథను మాత్రం ఎవరు రాశారో, ఎక్కడ రాశారో చెబుతూ వారి మాటగానే రాయాలి. అలా రాస్తే ఆమె గౌరవానికి ఏ లోటూ రాదు.

అన్నిటికన్నా ఎక్కువగా జాగ్రత్త పడవలసినది ఒకరినొకరు చూసి రాసిన మూలాలతో. 1839 నవంబరులో కాకినాడ దగ్గరి కోరంగి రేవును ముంచిన ఉప్పెనలో 3 లక్షల మంది చనిపోయారని, 20 వేల ఓడలు మునిగాయని ఎన్నో వెబ్‌సైట్లు, పత్రికలు రాస్తాయి. అందులో పదింటిని వరసగా చేర్చినంత మాత్రాన పది మూలాలు అయిపోవు. అన్నీ ఒకే చోటు నుంచి ఎత్తిరాసినవైతే ఉన్నది ఒక్కటే మూలం. ఒక రేవులో 20 వేల ఓడలు అన్న మాట వినగానే ఎవరికైనా అనుమానం రావాలి. ఇటువంటి అసాధారణమైన అంకెకు ఆ కాలపు నివేదిక గానీ, దాన్ని పరిశీలించిన చరిత్రకారుడి గ్రంథం గానీ కావాలి. మరీ తమాషా ఏమిటంటే, వికీపీడియాలో మూలం లేకుండా పడివున్న వాక్యాన్ని విలేకరి ఒకరు తన కథనంలో వాడుకుంటారు, ఆ కథనాన్ని తెచ్చి అదే వాక్యానికి మూలంగా మరొకరు పెడతారు. కథనం తేదీని, పేజీ చరిత్రలో (పేజీలో జరిగిన ప్రతి మార్పూ నమోదయ్యే చోట) ఆ వాక్యం చేరిన తేదీని పోల్చి చూస్తే ఈ చక్రం బయటపడుతుంది.

బతికి ఉన్నవారి గురించి ఒక్క మాట: మూలం లేని సంగతి, ముఖ్యంగా నిందలాంటిది, చర్చ లేకుండా తీసేస్తారు, తీసేయాలి కూడా. ఊరి పేజీలో "ప్రముఖులు" విభాగం కింద మేనమామ పేరు రాసే ముందు ఇది గుర్తుంచుకోండి.

మరి మంచి మూలాలు ఎక్కడ దొరుకుతాయి? పాత గోదావరి జిల్లాపై హెన్రీ మోరిస్ 1878లో ప్రచురించిన గ్రంథం, హెమింగ్‌వే 1907లో కూర్చిన గెజిటీరు (సర్కారువారి జిల్లా వివరాల గ్రంథం) కాలవల గురించీ రేవుల గురించీ వివరంగా చెబుతాయి; అయితే అవి దొరతనం కళ్ళతో చూసినవి, కులాల గురించి వాటిలో ఉన్న మాటలను యథాతథంగా ఎత్తి రాయకండి. పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవులో వేల సంఖ్యలో ఉన్నాయి గానీ, పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టం వచ్చినట్టు రాసి ఎక్కించారు కనుక ఒకే పేరును నాలుగైదు రకాలుగా రాసి వెతకాలి. దొరకకపోతే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళండి. మూలం అంతర్జాలంలోనే ఉండాలన్న నియమం ఏదీ లేదు: పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, పుట సంఖ్య ఇస్తే చాలు. దినపత్రికల జిల్లా అనుబంధాలకు కూడా తేదీ, పుట సంఖ్య తప్పక రాసుకోండి, ఎందుకంటే పత్రికల లంకెలు తొందరగా చెడిపోతాయి. బడి వార్షికోత్సవ సంచిక ఆ బడి ఎప్పుడు పెట్టారో చెప్పడానికి పనికొస్తుంది, జిల్లాలోకెల్లా గొప్ప బడి అని చెప్పడానికి పనికిరాదు. ఇంకొకటి, 2022 ఏప్రిల్‌కు ముందు అచ్చయిన పుస్తకాల్లో అమలాపురం తూర్పు గోదావరి జిల్లాలో, మరీ పాతవాటిలో గోదావరి జిల్లాలో ఉంటుంది. వ్యాసంలో ఇప్పటి జిల్లా రాయండి గానీ, మూలంలోని మాటను దిద్దకండి.

అచ్చులో ఎక్కడా లేని సంగతుల మాట వేరు. 1986 ఆగస్టు వరదలో నీరు మీ అరుగు మీద ఎంతవరకు వచ్చిందో మీ తాతగారికి తెలిసి ఉంటుంది, పుస్తకంలో ఉండదు. దాన్ని వ్యాసంలో రాయలేరు. కానీ గోడ మీద నీటిమట్టం గుర్తు ఇంకా ఉంటే దాన్ని మీరే ఫొటో తీసి, తీసిన తేదీ, చోటు రాసి, వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా ఫొటోలు ఉంచే సోదర ప్రాజెక్టులో) ఎవరైనా వాడుకోగల స్వేచ్ఛా లైసెన్సుతో ఎక్కించవచ్చు. తాతగారి మాటలను స్థానిక పత్రిక సంపాదకులకు పంపవచ్చు. వారు పరిశీలించి అచ్చు వేస్తే అప్పుడు అది ఉదహరించదగినదవుతుంది. ఈలోగా పేజీలో మీరు రాసినది ఎవరైనా తీసేస్తే వారితో తగువు పెట్టుకోకుండా, చర్చా పేజీలో "ఈ సంగతికి మూలం వెతుకుతున్నాను" అని ఒక వాక్యం రాసి, చివర సంతకం చేయండి. తీసేసిన పాఠం పేజీ చరిత్రలో అలాగే ఉంటుంది, మూలం దొరికిన రోజున అక్కడి నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు.