రెండు దోమలు, ఒక పైపుముక్క

మా కయ్యలు కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద, కడప జిల్లా చాపాడు పక్కన. వేసేది కర్నూలు సోనా వరి, అదే బాపట్ల 5204. నాటినప్పటి నుంచి కోత దగ్గర పడేదాకా కయ్యలో నీళ్లు నిలబడాలనేది మా నాయన నేర్పిన సేద్యం. కాలువ నీళ్లు వంతు మీద వస్తాయి. వచ్చినప్పుడు నింపుకోనోడు పిచ్చోడి కింద లెక్క.

పోయినేడు చిన్నపాపకు డెంగీ వచ్చింది. తేరుకున్నాక ఏఎన్ఎం ఇంటికొస్తే, "మా కయ్యల దోమేనా మేడం?" అని అడిగినా. ఆమె జవాబు చెప్పకుండా పెరట్లోకి పోయింది. కూలర్ అడుగు, బర్రెల తొట్టి, మూలన పాత టైరు. మూడింట్లోనూ లార్వాలు గిలగిలమంటున్నాయి. "డెంగీ దోమకు మీ ఇంటి నీళ్లే కావాలన్నా, బురద కయ్య కాదు. ఇది పగలు కుడుతుంది" అంది. శుక్రవారం డ్రైడే, నిలవ నీళ్లు పారబోయండి అని మైకులో అరుస్తుంటే నేను చెవికెక్కించుకోలేదు. ఊరికే కాలువను తిట్టుకున్నా.

అట్లని కయ్యను వదల్లేదామె. అక్కడ పుట్టేది క్యూలెక్స్ అంట. పొద్దు గూకినాక కుడుతుంది. పందుల్లో, కొంగల్లో ఉండే మెదడువాపు వైరస్‌ను మనిషికి ఎక్కిస్తుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి, నడమన మూడు నాలుగు రోజులు కయ్య ఆరితే చాలా మటుకు చస్తాయంది. తల ఊపి మర్చిపోయినా. నిజం చెప్పాలంటే నన్ను కదిలించింది వేరే దోమ.

రైతుకు దోమంటే సుడిదోమే కదా! దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చి, చేను కాలినట్టు చేస్తుంది. మందు రెండుసార్లు కొట్టినా లొంగలేదు. వ్యవసాయ సహాయకుడు వచ్చి, "ముందు నీళ్లు తీసెయ్యన్నా, రెండు మీటర్లకొక కాలిబాట తియ్యి" అన్నాడు. అప్పుడు వెలిగింది: రెండు దోమలకూ మందు ఒకటే, కయ్య ఆరబెట్టడం.

ఈసారి ఒక అడుగు పీవీసీ పైపుముక్కకు, కింది భాగంలో, కాల్చిన కడ్డీతో చుట్టూ బొక్కలు పెట్టినా. నాటిన రెండు వారాలకు గెనిమ పక్కన జానెడు పాతి, లోపలి మట్టి తోడేసినా. పైపులో నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగితేనే తూము తెరవడం. పూత సమయంలో మాత్రం నీళ్లు నిలబెట్టినా, అప్పుడు ఎండగడితే గింజ తాలవుతుంది.

మొదటిసారి నల్లరేగడి సన్నగా నెర్రెలిస్తుంటే నాకు నిద్ర లేదు. వంతు ఒక్కరోజు ఆలస్యమైనా కొంప మునిగినట్టే! అందుకే వంతుకు నాలుగు రోజుల ముందు నుంచే ఆరబెట్టడం మొదలుపెట్టినా. ఇంకో తిప్పలు, చదును. బర్రె గిట్టల గుంతల్లో, మూలల్లో నీళ్లు మిగిలితే లార్వాలన్నీ అక్కడికే చేరతాయి. పార పట్టుకుని ఆ గుంతల నీళ్లు బయటికి తెంచుకుంటూ తిరిగినా. తుంగ కూడా పెరిగి, కలుపు కూలీ ఇంకో విడత పడింది. వడ్లు మాత్రం తగ్గలేదు. సుడిదోమ మందు ఖర్చు తప్పింది.

మా తూము కింద ఏడుగురం. నలుగురు ఒప్పుకున్నారు. నా పైకయ్య అన్న ఇంకా నిండా కట్టుకుంటాడు. ఆయన ఊట నా అడుగు కయ్యలోకి దిగి, అది ఎన్నడూ ఆరదు. ఆయన కోసం ఒక పైపుముక్క కోసి, బొక్కలు కూడా పెట్టి, కొట్టంలో ఉంచినా.