నాటిక ఖర్చుల కోసం మా బేక్ సేల్: కార్తీకం నుంచి సంక్రాంతి దాకా

మాది అమలాపురం దగ్గర చిన్న నాటక సమాజం. ఏడాదికో నాటిక తయారుచేసుకుని నాటక పరిషత్తులు పెట్టే పోటీలకు రెండు మూడింటికి వెళ్తాం. చుట్టుపక్కల తీర్థాలకు, అంటే జాతరలకు, పిలిస్తే పద్య నాటకాల్లోంచి సీన్లు వేస్తాం. మాలో టీచర్లున్నారు, కొబ్బరి వ్యాపారి ఉన్నారు, ఆర్టీసీ కండక్టరు ఉన్నారు. నేను స్టేజీ వెనక పని చూస్తాను. ఇంట్లో బేకింగ్ నాకు ఇష్టమైన వ్యాపకం. ఈ ఏడు ఆ రెండూ కలిశాయి: ఇంట్లో కాల్చిన కేకులు, బిస్కెట్లు అమ్మి నాటిక ఖర్చులకి డబ్బు కూడబెడుతున్నాం. ఇంకో సమాజం వాళ్లెవరైనా ఇలాంటిది చేయాలనుకుంటే పనికొస్తుందని వివరాలన్నీ రాస్తున్నాను.

ముందు డబ్బు ఎందుకో చెప్పాలి. కొనేవాళ్లు మొదట అడిగేది అదే. బయటి ఊళ్లో ఒక నాటిక ఆడాలంటే టెంపో కిరాయి, మేకప్, లైటింగ్, మ్యూజిక్ ఆపరేటర్, భోజనాలు ఉంటాయి. మా లెక్కలో వీటన్నిటికన్నా పెద్దది, వేరే ఊరి నుంచి వచ్చే నటీమణికి ఇచ్చే పారితోషికం. ఆడపాత్ర వేసేవాళ్లు మా ఊళ్లో దొరకరు. వచ్చే ఆవిడకి నటనే జీవనాధారం, నాలుగైదు సమాజాలకి వేస్తారు. ఆవిడకిచ్చే దాంట్లో బేరం ఆడకూడదని మేమందరం అనుకున్న మాట. పరిషత్తు వాళ్లు ఇచ్చేది దారి ఖర్చులకి సరిపోతుంది. రిహార్సల్స్, సెట్టు మాత్రం మేమే చూసుకోవాలి. ఈసారి నాటిక పెంకుటింటి వసారాలో నడుస్తుంది. చెక్క ఫ్రేములకి గుడ్డ బిగించి, రంగు వేసి, టెంపోలో పట్టేలా ఊడదీసుకునే సెట్టు కావాలి. దానికీ రిహార్సల్స్‌కీ, నటీమణికి ఇచ్చే అడ్వాన్సుకీ కలిపి 30,000 రూపాయలు టార్గెట్ పెట్టుకున్నాం.

చందా పుస్తకం పట్టుకుంటే ఏటా అవే గుమ్మాలు ఎక్కాలి. ఇచ్చేవాళ్లకి విసుగు రాకపోయినా అడిగేవాళ్లకి మొహమాటం. ఏదైనా చేతికిచ్చి డబ్బు తీసుకుంటే మనసుకి హాయిగా ఉంటుంది.

ఏం చేయాలి, ఏం చేయకూడదు

గోదావరి జిల్లాల్లో మిఠాయి అమ్మాలంటే పక్కనే తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా, ఆత్రేయపురం పూతరేకులు ఉన్నాయి. ఆ పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. తరాలుగా అదే పనిలో ఉన్న చేతులతో పోటీకి వెళ్లడం నాకు సమ్మతం కాదు. అలాగని క్రీమ్ కేకులు చేస్తే మా ఎండకీ ఉక్కకీ టేబుల్ మీద గంట కూడా నిలవవు. ఊళ్లో బేకరీ వాళ్లు వాటిని మనకన్నా తక్కువ ధరకి ఇస్తారు. అందుకని మూడు షరతులు పెట్టుకున్నాను. ముడిసరుకు మన చుట్టూ దొరికేది కావాలి. ఫ్రిజ్ లేకుండా నిలవుండాలి. గుడ్డు లేకుండా కుదరాలి. కార్తీక మాసంలో గుడ్డు ముట్టని ఇళ్లు చాలా ఉంటాయి. స్టాల్ దగ్గరికి వచ్చిన ప్రతి రెండో మనిషీ "గుడ్డు లేనిదేనాండీ?" అనే అడిగారు.

ముడిసరుకు అంటే ఇక వేరే ఆలోచన ఏముంటుంది, అరటిపండు, కొబ్బరి. రావులపాలెం మార్కెట్లో బాగా పండి మచ్చలు పడిన గెలలు చవగ్గా దొరుకుతాయి. కేకుకి అలాంటివే కావాలి. అంబాజీపేట కొబ్బరి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

అరటిపండు కేకు

8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పున్న ఒక టిన్నుకి నా కొలత ఇది: బాగా మగ్గిన అరటిపండ్ల గుజ్జు 300 గ్రాములు, మైదా 200, బెల్లం తురుము 130, నూనె 100 మిల్లీలీటర్లు, పెరుగు 60 గ్రాములు, వంట సోడా ఒక చెంచా, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి, 20 గ్రాముల జీడిపప్పు పలుకులు. ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్ని) ముందుగా వేడెక్కించి 175 డిగ్రీల్లో 50 నుంచి 55 నిమిషాలు. మధ్యలో సన్నటి పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

పండు విషయంలో నా ఓటు కర్పూర అరటికే. కొంచెం పులుపు ఉంటుంది కాబట్టి బెల్లం తీపి మొహం మొత్తదు. చక్కెరకేళి సువాసన బాగుంటుంది కానీ కేకు మరీ తియ్యగా వస్తుంది. అప్పుడు బెల్లం 100కి తగ్గించాలి. బెల్లంలో ఇసుక ఉంటుంది. ముందే కొద్ది నీళ్లలో కరిగించి వడకట్టి, చల్లారాక కలపాలి. ఆ నీళ్లు రెండు చెంచాలు మించకూడదు. సోడా వేసి కలిపాక పిండిని ఆలస్యం చేయకుండా ఓవెన్లో పెట్టాలి. పెరుగులో, పండులో ఉన్న పులుపుతో సోడా కలవగానే బుడగలు మొదలవుతాయి. ఆ బుడగలే కేకుని లేపుతాయి. గిన్నెలో ఉండగానే అవి అయిపోతే కేకు అడుగున గట్టిపడిపోతుంది.

కరెంటు పోతే ఎలా అన్నదే మొదట్లో నా టెన్షన్. దానికి మా ఇంటి పెద్దల పద్ధతే ఆసరా అయింది. దిబ్బరొట్టె కాల్చేటప్పుడు మూత మీద కూడా నిప్పులు పోసేవారు. అదే పని కేకుకీ చేశాం. మందపాటి పాత డేగిసాలో వేలెడు మందాన రాళ్లుప్పు పరిచి, పైన స్టాండు పెట్టి, మూత వేసి సన్న సెగ మీద పావుగంట వేడెక్కించాం. తర్వాత టిన్ను లోపల పెట్టి దాదాపు గంట. చివరి పది నిమిషాలు మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు. పైభాగం ఓవెన్లో వచ్చినట్టే గోధుమ రంగుకి తిరిగింది. ఈ పని పెరట్లోనే చేయాలి, పొగ ఇంట్లోకి రాకూడదు.

ఒక టిన్ను ఖర్చు రాస్తాను, మిగతావి దీన్నిబట్టే అంచనా కట్టుకోవచ్చు. మైదా 10, బెల్లం 9, నూనె 14, పండ్లు 15, పెరుగు 6, జీడిపప్పు 18, ఏలకులు సోడా కలిపి 5, కరెంటు 6, బటర్ పేపర్, కవర్లు 15. మొత్తం 98 రూపాయలు. పది ముక్కలు కోసి ముక్క 20కి అమ్మితే 200. అంటే సగం నాటకానికి మిగులుతుంది. మా చేతి కష్టం ఇందులో లెక్క వేయలేదు. ధర 25 పెడదామన్నారు కొందరు. నేను వద్దన్నాను. చిల్లర దగ్గర ఆగితే లైను ఆగుతుంది. పదుల్లో ఉన్న ధరే మంచిది.

కొబ్బరి బిస్కెట్లు, మా గాలి

డెల్టాలో బిస్కెట్ చేయడం కష్టం కాదు, కరకర నిలబెట్టడం కష్టం. కాలవలు, చేలు, చెరువులు, పక్కనే సముద్రం. గాలిలోనే నీళ్లుంటాయి. అందుకే పచ్చి కొబ్బరి పక్కనపెట్టి కురిడీ కొబ్బరి, అంటే ఎండు కొబ్బరి, తీసుకున్నాను. కురిడీలో తేమ చాలా తక్కువ, నూనె ఎక్కువ. తురిమి సన్న సెగ మీద రెండు నిమిషాలు వేడి చేస్తే ఆ కాస్త తేమ కూడా పోతుంది.

కొలత: వెన్న 125 గ్రాములు, పంచదార పొడి 110, మైదా 250, కురిడీ తురుము 75, బేకింగ్ పౌడర్ అర చెంచా, ముద్ద కావడానికి పాలు రెండు చెంచాలు. ఉప్పు లేని వెన్న అయితే చిటికెడు ఉప్పు వేసుకోవాలి. 165 డిగ్రీల్లో 15 నుంచి 18 నిమిషాలు. ఓవెన్లోంచి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. పూర్తిగా చల్లారాక 130 డిగ్రీల్లో ఇంకో ఎనిమిది నిమిషాలు పెట్టి ఆరనిస్తాను. ఈ రెండో విడతే మా గాలికి మందు. ఇలా చేసినవి గాలి చొరని స్టీలు డబ్బాలో పది రోజులైనా కరకరలాడుతున్నాయి.

ఖర్చులో సగం పైన వెన్నే తినేస్తుంది. వనస్పతి వేస్తే మిగులు పెరుగుతుందని సలహాలు వచ్చాయి. నాటకం పేరు చెప్పి అమ్మేటప్పుడు పిల్లల చేతికి ఇచ్చేది మంచిదై ఉండాలి, అందుకే వెన్నతోనే చేస్తున్నాను. ఆరు బిస్కెట్ల ప్యాకెట్ 40 రూపాయలకి ఇస్తే 18 నుంచి 20 మిగులుతోంది.

స్టాల్ మీద ప్లేటులో రుచికి నాలుగు ముక్కలే పెట్టాలి. మంచు కురిసే సాయంత్రాల్లో బయట పెట్టినవి గంటలోపే మెత్తబడతాయి. అవి చూసి సరుకంతా అలాగే ఉంటుందనుకుంటారు.

కార్తీకంలో మొదటి అమ్మకం

అమ్మే ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) దగ్గర బేసిక్ రిజిస్ట్రేషన్ చేయించాం. ఆన్‌లైన్లోనే అయిపోయింది, మేం కట్టినప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ప్రతి ప్యాకెట్ మీద చేసిన తేదీ, వేసిన పదార్థాలు, జీడిపప్పు ఉందన్న సంగతి చేత్తో రాసి అంటించాం. క్యూఆర్ కోడ్ సమాజం బ్యాంకు ఖాతాదే పెట్టాం. సొంత ఫోనుకి డబ్బు రానివ్వకపోతే తర్వాత ఎవరి మనసులోనూ అనుమానం ఉండదు. నెట్‌వర్క్ ఆడనప్పటికి పది, ఇరవై నోట్లు ముందే తెచ్చి ఉంచాం.

చోటు గుడి వీధి మొదట్లో, ఆదివారం సాయంత్రం. దీపాలు పెట్టుకోవడానికి వచ్చేవాళ్లు కుటుంబాలతో వస్తారు. మొదటి అరగంట చూసి వెళ్లేవాళ్లే తప్ప కొనేవాళ్లు తక్కువ. అప్పుడు మా సమాజంలో కృష్ణ పాత్ర వేసే మాస్టారు, "అమ్మాయ్, ఆ హార్మనీ ఇలా పట్రా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రాయబారం సీను పద్యం ఎత్తుకున్నారు. మైకు లేదు, మేకప్ లేదు. రాగం తీసేసరికి రోడ్డుకి అటుపక్క బండి ఆపినవాళ్లు ఇటు వచ్చారు. ఒక పెద్దాయన వన్స్‌మోర్ అని, రెండోసారి పాడించుకుని, ఆరు ప్యాకెట్లు తీసుకున్నారు. "ఆయ్, మీ నాటిక ఎప్పుడాడతారండీ?" అని తేదీ రాసుకుని మరీ వెళ్లారు.

ఆ తర్వాత స్టాల్ వెనక ఒక చార్టు కూడా పెట్టాం. కందుకూరి వీరేశలింగం గారు 1880లో రాజమండ్రిలో నాటకం ఆడించారని, ఎస్వీ రంగారావు, అంజలీదేవి కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో నాటకాలు వేసే సినిమాల్లోకి వెళ్లారని పెద్ద అక్షరాలతో రాశాం. దాని కిందే ఈ ఏటి నాటిక, సెట్టు బొమ్మ, కావలసిన సొమ్ము, ఇప్పటికి చేరిన సొమ్ము. చదివినవాళ్లు ఖాళీ చేతులతో వెళ్లడం తక్కువ. డబ్బు ఎక్కడికి పోతుందో కళ్లముందు ఉంటే ధర ఎవరూ అడగరని నాకు అక్కడే తెలిసింది.

ఖర్చులు పోను 4,200 మిగిలాయి. అందులో 900 డబ్బాలో వేసిన చందాలు. కేకు ముందు అయిపోయింది. బిస్కెట్లు కొన్ని మిగిలితే డబ్బాల్లో దాచి మరుసటి వారం రిహార్సల్ చూడటానికి వచ్చినవాళ్లకి అమ్మాం. నిలవుండే సరుకుతో ఉన్న ధీమా ఇదే. తుఫాను హెచ్చరిక వచ్చి ఒక ఆదివారం స్టాల్ మానుకున్నాం, అయినా బిస్కెట్లకి నష్టం రాలేదు. ఆ వారానికి కేకులు కాల్చనే లేదు.

సంక్రాంతి

పండగకి ముందు అమ్మాలని సమాజంలో చాలామంది అన్నారు. నా లెక్క వేరు. భోగి నాటికి ప్రతి ఇంట్లో అరిసెలు, జంతికలు, సున్నుండలు డబ్బాల నిండా ఉంటాయి. ఎవరికి కావాలి మన బిస్కెట్? పండక్కి వచ్చిన కొడుకులు, కూతుళ్లు కనుమ అయ్యాక హైదరాబాదు, బెంగళూరు తిరుగు ప్రయాణం కడతారు. ఆఫీసులో పంచడానికి, బస్సులో పిల్లలకి ఏదో ఒకటి కావాలి. అందుకని కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరం వెళ్లొచ్చి, అమ్మకం ముక్కనుమ మధ్యాహ్నం నుంచి పెట్టాం, బస్సులు ఎక్కే చోటికి దగ్గర్లో.

ఇందులో కేకు తగ్గించి బిస్కెట్లు పెంచాం. నాలుగు ప్యాకెట్లు కలిపి అట్టపెట్టె, 160. పెట్టె లోపల నాటిక ప్రదర్శన తేదీల చీటీ. కేకు మాత్రం ఆ రాత్రికీ మర్నాటికీ తినేయమని చెప్పే ఇచ్చాం. మా వాతావరణంలో రెండు రోజులు దాటితే తడికి బూజు పట్టే ప్రమాదం ఉంది. పూర్తిగా చల్లారకుండా కవర్లో పెడితే ఇంకా త్వరగా. కాల్చిన రాత్రి జాలీల మీద ఆరబెట్టి, గుడ్డ కప్పి, తెల్లవారాకే కోసి ప్యాక్ చేయడం మా పద్ధతి.

సంక్రాంతి అమ్మకంలో 9,600 మిగిలింది. మధ్యలో రిహార్సల్స్ దగ్గర అమ్మినవి కలుపుకుని ఇప్పటికి మొత్తం 15,100. సెట్టు ఫ్రేములకి చెక్క కొనేశాం. వడ్రంగి మేస్త్రి మాస్టారి శిష్యుడే, కూలి సగమే తీసుకుంటానన్నారు. రంగులు, గుడ్డ, నటీమణికి అడ్వాన్సు మిగిలాయి.

ఇక ముందు

ఉగాదికి ఇంకో అమ్మకం. ఎండలు ముదిరితే వెన్న ముద్ద చేతిలోనే కారిపోతుంది కాబట్టి తెల్లవారుజామునే కలిపి కాల్చేయాలి. మైదా సగం తగ్గించి బియ్యప్పిండితో ఒక రకం ప్రయత్నిస్తున్నాను, కరకర బాగా వస్తోంది కానీ విరిగిపోతోంది. బియ్యప్పిండి వాటా మూడో వంతుకి దించి చూడాలి. భాద్రపదంలో తాటిపండ్లు రాలతాయి. తాటిరొట్టె రుచి తెలిసిన ఊళ్లో తాటిపండు గుజ్జుతో కేకు చేస్తే ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. గుజ్జులోని పీచు గుడ్డలో వడకట్టి, అరటి గుజ్జు బదులు అంతే కొలత వేసి మొదలుపెడతాను. ఈలోగా పాత టిన్నులు ఎవరి దగ్గరైనా ఉంటే, 8 అంగుళాలవి, సమాజానికి ఇస్తే చాలా మేలు. ఓటీజీలో ఒకేసారి రెండు పడతాయి, మా దగ్గర ఆ కొలతవి తక్కువున్నాయి.