వీపు ముందు, మనిషి వెనక

గట్టు మీద నుంచి గాలం వేసే ప్రతివాడికీ ఒకటే బాధ. మన ఎర పడే చోటికి ఎప్పుడూ ఓ పది గజాలు అవతలే చేపలు ఎగురుతుంటాయి. పడవ కొందామంటే అంత డబ్బు లేదు, కొన్నా పెట్టుకోవడానికి చోటు లేదు. ఇలా గట్టు మీదే ఉసూరుమంటూ కూర్చున్న రోజుల్లో నా స్నేహితుడు ఒకడు వీపుకు సంచి తగిలించుకుని వచ్చాడు. అందులోంచి మడత పెట్టిన గుడ్డ లాంటిది తీసి, కాలి పంపుతో గాలి కొట్టి, దాంట్లో కూర్చుని చప్పుడు లేకుండా నీళ్లలోకి వెళ్లిపోయాడు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఫ్లోట్ ట్యూబ్‌ను చూడటం నాకు అదే మొదలు.

చూడటానికి కుర్చీకి గాలి కొట్టినట్టు ఉంటుంది. పాతకాలంలో టైరు లోపలి ట్యూబుకే గుడ్డ తొడుగు వేసి, మధ్యలో కాళ్లు దూర్చుకునే సీటు కుట్టుకునేవాళ్లు. ఆ గుండ్రటి రకంలోకి ఎక్కడం కష్టం, దిగడం ఇంకా కష్టం. ఇప్పుడు ఎక్కువగా గుర్రపు నాడాలా ముందు తెరిచి ఉన్నవి వస్తున్నాయి. పిక్కలు నీళ్లలో వేలాడుతుంటాయి. ఒంటికి నీళ్లు చొరకుండా ఛాతీ దాకా వచ్చే వేడర్స్ అనే ప్యాంటు, పాదాలకు ఈతగాళ్లు వేసుకునే ఫిన్స్. తెడ్డు లేదు. కాళ్లే ఇంజను, కాళ్లే చుక్కాని. కాకపోతే, కాళ్లు ఆడిస్తే ఇది వెనక్కి పోతుంది. ముందుకు కాదు. ఎక్కడికి వెళ్లాలన్నా వీపే ముందు చేరుతుంది, మనం తర్వాత చేరుకుంటాం.

ఆ సంగతి నాకు నీళ్లలోకి దిగకముందే తెలిసింది. గట్టు మీదే ఫిన్స్ తొడుక్కుని, ఠీవిగా నాలుగు అడుగులు ముందుకు వేశాను. ఐదో అడుగుకి ఫిన్ కొస బురదలో దిగబడి బోర్లా పడ్డాను. "ఒరేయ్, ఫిన్స్ వేసుకున్నాక ముందుకు నడవకూడదురా! వెనక్కి నడు, మోకాళ్ల దాకా నీళ్లు వచ్చాక కూర్చో" అని వాడు నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. పడకముందు చెప్పి ఉంటే బాగుండేది.

కూర్చున్నాక మాత్రం ఆ బురద సంగతి గుర్తే లేదు. నీటికి అంత దగ్గరగా నేను ఎప్పుడూ కూర్చోలేదు. కళ్లు నీటిమట్టానికి రెండు మూడు అడుగుల ఎత్తులో ఉంటాయంతే. గట్టు మీద నుంచి పలచటి గీతలా కనిపించే రెల్లు ఇక్కడ గోడలా నిలబడుతుంది. ఇంజను మోత, తెడ్డు చప్పుడు లేకపోవడంతో పక్షులు మనల్ని మనిషి కింద లెక్కపెట్టవు. ఒక నీటికోడి నా మోకాళ్ల ముందు నుంచే పిల్లల్ని వెంటేసుకుని వెళ్లింది. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి కాబట్టి గాలం వేస్తూనే కదలొచ్చు. రెల్లు అంచుకి సమాంతరంగా, ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటూ ఎర వేసుకుంటూ పోవడం అనే సుఖం గట్టు మీద ఉన్నవాడికి దొరకదు.

ఇక భయాల సంగతి. రెండోసారి వెళ్లినప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో ట్యూబ్‌కి గాలి కొట్టాను. వేలితో మీటితే డప్పులా మోగింది. నీళ్లలోకి దిగిన పావుగంటకి పిరుదుల కింద ఏదో తేడాగా అనిపించింది. చేయి ఆనించి చూస్తే ట్యూబ్ మెత్తబడి ఉంది. సీటు కిందికి దిగి, నీళ్లు నడుము దాకా వచ్చాయి. పంక్చర్ అయిందని గుండె ఆగినంత పనైంది. బుడగలు వస్తున్నాయేమోనని చెవి పెట్టి విన్నాను, అంచుల వెంట తడిమాను. ఏమీ లేదు. గట్టుకి చేరాక తెలిసింది, ఎండకి వేడెక్కి వ్యాకోచించిన గాలి చల్లటి నీళ్లు తగలగానే ముడుచుకుపోయిందని. కన్నం పడలేదు, గాలి ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ట్యూబ్‌ని కాసేపు నీళ్లలో నాననిచ్చి, మళ్లీ నాలుగు పంపులు కొట్టాకే ఎక్కుతున్నాను. దీనికి రెండో వైపు కూడా ఉంది. అలా బిర్రుగా గాలి కొట్టినదాన్ని తెచ్చి ఎండలో పడేస్తే కుట్లు తెగొచ్చు. అందుకే బయటికి రాగానే కొంచెం గాలి వదలాలి. నిజంగా కన్నం పడినా ఒక్కసారిగా మునిగిపోకుండా చాలా ట్యూబ్‌లలో గాలి గదులు రెండు మూడు విడివిడిగా ఉంటాయి. అయినా సరే, లైఫ్ జాకెట్ లేకుండా దిగేవాడిని నేను ధైర్యవంతుడు అనను.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది గాలి. నీళ్ల మీద వీచే గాలి సంగతి చెబుతున్నాను. ఒక ఉదయం చిరుగాలి హాయిగా మమ్మల్ని, అంటే నన్నూ ట్యూబ్‌నీ, తోసుకుంటూ పోయింది. కాలు కదపాల్సిన పని లేదు. చేపలు కూడా బాగా కొడుతున్నాయి. నాలుగు పట్టి, అయిదోది వదిలేసి తలెత్తి చూస్తే, నేను దిగిన చోటు చెట్ల మధ్య ఎక్కడో సన్నటి చుక్కలా ఉంది. అప్పటికే చిరుగాలి కాస్తా గట్టి గాలి అయింది. తన్నడం మొదలుపెట్టాను. పది నిమిషాలు ఆపకుండా తన్ని, పక్కనున్న మోడు వంక చూస్తే అది అక్కడే ఉంది. నేనూ అక్కడే ఉన్నాను. ఒక్క నిమిషం ఆగితే వెనక్కి కొట్టుకుపోతున్నాను. ట్యూబ్ వెనక భాగం తెరచాపలా గాలిని పట్టేస్తుంది. పైగా వెళ్లే దిక్కు వీపు వైపు కదా, ప్రతి పది తన్నులకీ మెడ తిప్పి చూసుకోవాలి. కాసేపటికి పిక్కలో నరం పట్టేసింది. మోకాళ్ల నుంచి తన్నడం తప్పని, తొడల నుంచి నెమ్మదిగా తన్నాలని అప్పుడు తెలిసి ఏం లాభం. చివరికి పంతం వదిలేసి, అడ్డంగా తన్నుకుంటూ దగ్గరి గట్టు ఎక్కాను. ట్యూబ్ వీపున వేసుకుని, వేడర్స్‌తో చెమటలు కక్కుకుంటూ చెరువు చుట్టూ సగం నడిచాను. ఆ రోజు నుంచి ముందు గాలికి ఎదురుగా వెళ్తున్నాను. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే కష్టపడితే, తిరుగు ప్రయాణంలో గాలే ఇంటికి తోస్తుంది. ప్రవాహం ఉన్న నీళ్లలోకి మాత్రం దీన్ని అసలు దించను. అక్కడ కాళ్లకీ నీళ్లకీ పోటీ పెడితే ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

మరోసారి నాచులో చిక్కుకుని ఒక ఫిన్ ఊడి అడుక్కి పోయింది. ఒక్క కాలితో తన్నితే ట్యూబ్ ఎక్కడికీ వెళ్లదు, గానుగెద్దులా ఉన్నచోటే తిరుగుతుంది. ఒక పక్క కాలితో తన్నుతూ, ఇంకో పక్క చేపల వలను తెడ్డులా ఆడిస్తూ గంటసేపు పట్టి ఒడ్డు చేరాను. ఇప్పుడు రెండు ఫిన్స్‌నీ చీలమండలకి తాడుతో కట్టుకుంటున్నాను. అప్పుడు ఒడ్డు చేరేసరికి కాళ్లు కొయ్యబారిపోయాయి. గాలి కన్నా నీరు ఒంట్లో వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. వేడర్స్ లోపల మందపాటి ప్యాంటు లేకపోతే రెండు గంటల తర్వాత కాళ్లు మన మాట వినవు.

ఎవరూ చెప్పని ఇంకో ఇబ్బంది ఉంది. పొద్దున్నే రెండు గ్లాసుల టీ తాగి నీటి మధ్యకి వెళ్లానొకసారి. గట్టుకి రావాలి, ఫిన్స్ విప్పాలి, లైఫ్ జాకెట్ విప్పాలి, బెల్టు విప్పాలి, వేడర్స్ దించాలి. ఆ కంగారులో అవన్నీ ఏ వరసలో చేశానో అడక్కండి.

కొక్కేలతోనూ జాగ్రత్తగా ఉండాలి. కిందికి కూర్చుని ఉంటాం కాబట్టి రాడ్‌ని వెనక్కి విసిరినప్పుడు ఎర నీళ్లకి తగులుతుంది, లేదా మన టోపీకి. చేయి బాగా పైకెత్తి విసరడం అలవాటు చేసుకోవాలి. పట్టిన చేపని ఒడిలో పరిచిన వల గుడ్డ మీద పెట్టుకుంటాం. జెల్లని అలా పెట్టుకున్న రోజు మాత్రం ఊపిరి బిగబట్టాను. రెక్కల దగ్గర దాని ముళ్లు నిటారుగా బిగుసుకుని ఉన్నాయి. అది ఒక్క గెంతు గెంతితే ట్యూబో నా తొడో, ఏదో ఒకటి చిల్లు పడటం ఖాయం. లైను కోసేసి దానికో నమస్కారం పెట్టాను.

మొన్న సాయంత్రం నీడలు సాగుతున్న వేళ, రెల్లు సందులోకి వేసిన ఎరని ఏదో గట్టిగా పట్టింది. ముందు మోడు తగిలిందనుకున్నాను. మోడు కదిలింది. రీల్ గిర్రున తిరిగింది, రాడ్ కొస నీళ్లని తాకింది. గట్టు మీద అయితే కాళ్లు ఊనుకుని ఆపేవాడిని. ఇక్కడ ఊనుకోవడానికి ఏముంది? కాళ్ల కింద నీళ్లే. ట్యూబ్ మెల్లగా తిరిగి నా మొహాన్ని చేప వైపు పెట్టింది, తర్వాత కదలడం మొదలుపెట్టింది. మోకాళ్ల దగ్గర నీళ్లు చీలుతూ చిన్న అలలు లేచాయి. ఫిన్స్ కదపకుండా రాడ్ రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఇన్నాళ్లలో ఫ్లోట్ ట్యూబ్‌లో నేను ముందుకు వెళ్లడం అదే మొదటిసారి.