మెట్లు లేని బాంజో

"త్యాగరాజు నావాడైనప్పుడు జో థామ్సన్ ఎందుకు కాడమ్మా? ఆయన ఊరు మనింటికి గంట దూరం కూడా లేదు." వీణ క్లాసు మానేసి బాంజో నేర్చుకుంటానంటే నేను ఒప్పుకోనప్పుడు మా అమ్మాయి అన్న మాట ఇది.

జో థామ్సన్ అమెరికాలో మేముండే నార్త్ కరోలినాలోనే, మెబేన్‌లో ఉండిన నల్లజాతి ఫిడేలు కళాకారుడు. ఆయన ఫిడేలు, దాయాది ఓడెల్ బాంజో. 2005లో బూన్‌లో నల్లవాళ్ల బాంజో సంగీతం మీద ఒక సమావేశం జరిగింది. అక్కడ కలిసిన కొందరు యువకళాకారులు ఆ తర్వాత వారం వారం ఆయన ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని నేర్చుకున్నారు. కరోలినా చాక్లెట్ డ్రాప్స్ బృందం అలా తయారైంది. ఆయన 2012లో పోయారు. వాళ్లు అప్పుడు వెళ్లకపోయి ఉంటే ఆ వాయింపులో ఎంత మిగిలేదో!

మా అమ్మాయికి కావలసింది ఇంకా పాత బాంజో. సొరబుర్రకి తోలు బిగించి, పేగు తీగలు కట్టింది. వీణకున్నట్టు మెట్లుండవు. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు కరీబియన్ దీవుల్లో, అమెరికాలో చేసుకున్న వాద్యం అది. సెనెగాంబియాలో జోలా ప్రజలు వాయించే అకోంటింగ్‌ దానికి దగ్గరి చుట్టం. గోరుతో తీగని కిందికి కొట్టడం, బొటనవేలితో పొట్టి తీగని మీటడం రెండింటిలోనూ ఉన్నాయి. బాంజోకి మెట్లు మామూలైపోయింది 19వ శతాబ్దం చివర్లో.

ఆ బాంజోని దగ్గర కూర్చుని వింటే నాకు ఒళ్లు పులకరించింది. మెట్లు లేవు కనుక వేలు జారుతుంది, స్వరం పక్క స్వరాన్ని తాకి వస్తుంది. వీణ మీద ఆ జారుడు కోసం తీగని పక్కకి లాగుతాం. పొట్టి తీగ మధ్యమధ్య మోగుతుంటే, మనం చిటికెనవేలితో మీటే తాళపు తీగలే గుర్తొచ్చాయి.

అయినా సరేననలేదు. ఆ సంగీతం వెనక అంత దుఃఖం ఉంది, మనకెందుకన్నాను. ఆ పాత వాయింపు నేర్చుకోడానికి 1855లో బ్రిగ్స్ పేరుతో వచ్చిన బాంజో పాఠాల పుస్తకం వంటివి ఉన్నాయి గానీ, అవి తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల కాలానివి. అది మా అమ్మాయికి నాకంటే బాగా తెలుసు. "ఆ పాటలు పాడనమ్మా. వాయించే తీరు నేర్చుకుంటా, అది ఎవరిదో ప్రతిసారీ చెప్పి వాయిస్తా" అంది. పదిహేనేళ్ల పిల్ల.

పిల్లలకి నచ్చింది నేర్పించండి, పుట్టిన నేలని కూడా ప్రేమించనివ్వండి అని స్నేహితులకి చెప్పేదాన్ని నేనే. మా ఇంట్లో మాత్రం ఆదివారం వీణ క్లాసు ఆగలేదు. పుట్టిన ఊళ్లోని పాటని ఇంత ప్రేమించే పిల్లని ఆపడం న్యాయమా? కానీ మా అమ్మ నాకు నేర్పిన వీణ నాతోనే ఆగిపోతే? బాంజోని కాపాడేవాళ్లు కొందరైనా ఉన్నారు, మా ఇంటి వీణకి ఇదొక్కతే. ఇలా అనుకున్నప్పుడల్లా, నేను దాని సంగీతం గురించి ఆలోచిస్తున్నానా, నా భయం గురించా అన్నది తేలదు.

ఈ టర్ము వీణ ఫీజు కట్టేశాను. తర్వాత సంగతి దాన్నే అడగాలి. ఏం చెబుతుందో తెలుసు, అందుకే ఇంకా అడగలేదు.